అయిదో అవస్థ

ప్రేమలో పడినవారి పరిస్థితిని మన ఆలంకారికులు పది మెట్లుగా విడగొట్టి, వాటికి మన్మథావస్థలని పేరు పెట్టారు. చూపు నిలిచిపోవడం మొదటిది, మనసు తగులుకోవడం రెండవది, కలిసి ఉన్నట్టు ఊహించుకునే సంకల్పం మూడవది, నిద్ర పట్టని జాగరం నాలుగవది, తిండి సహించక చిక్కిపోయే కృశత అయిదవది, దేనిమీదా మనసు పోని అరతి ఆరవది, సిగ్గు విడిచిపెట్టే లజ్జాత్యాగం ఏడవది కాగా, ఉన్మాదం, మూర్ఛ, మరణం మిగిలిన మూడూ అవుతాయి. పేర్లలోనూ వరుసలోనూ గ్రంథానికీ గ్రంథానికీ కొంత తేడా కనిపించినా, మొదటి మెట్టు కన్ను అనీ చివరి మెట్టు కాడు అనీ చాలామంది ఒప్పుకున్నారు. ఈ మెట్లలో ఒక్కటి కూడా దాటవేయకుండా చివరిదాకా ఎక్కిన నాయకుడిగా తెలుగువారు గుర్తించినవాడు దేవదాసు ఒక్కడే. అతడు తెలుగువాడు కాకపోవడం ఆ గుర్తింపుకు ఎన్నడూ అడ్డు రాలేదు. ఆ దేవదాసు కథను నేటి కాలానికీ గోదావరి డెల్టాకూ మార్చి నాటకంగా ఆడాలని భీమవరంలో ఒక నాటక సమాజం పూనుకుని పాత్రధారుల ఎంపిక జరిపినప్పుడు, వచ్చిన అభ్యర్థులలో చాలామంది అయిదో అవస్థ దగ్గరే, అంటే సరిగ్గా చిక్కిపోవలసిన చోటనే, ఆగిపోయారు. అందుకు దారితీసిన భౌగోళిక, ఆర్థిక, పాకశాస్త్ర కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రస్తుత వ్యాసకర్త కూడా ఆ అభ్యర్థులలో ఒకరు కావడం వల్ల పరిశీలనలో అక్కడక్కడ పక్షపాతం దొర్లి ఉండవచ్చు. ఓడిపోయిన అభ్యర్థి రాసిన ఎన్నికల చరిత్రను చదివినంత జాగ్రత్తతో దీనిని చదవడం మంచిది.

శరత్‌చంద్ర చటోపాధ్యాయ ఈ నవలను ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో, పడుచు వయసులో రాసి, 1917 దాకా పుస్తకంగా వెలువరించలేదు. తెనాలి చక్రపాణి వంటి అనువాదకుల చలవవల్ల శరత్ తెలుగు పాఠకులకు ఎంతగా ఇంటివాడయ్యాడంటే, ఆయన బెంగాలీ అని తెలిసి నొచ్చుకున్నవారు కూడా ఉండేవారని పాతతరం చెప్పుకునేది. అయినా తెలుగువారి దేవదాసు ఆ పుస్తకంలోనుంచి నడిచి వచ్చినవాడు కాడు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా సంస్థ తీసిన చిత్రంలోనుంచి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే అందులో అక్కినేని నాగేశ్వరరావు కప్పుకున్న శాలువాలోనుంచి వచ్చినవాడు. బెంగాలీవారికి 1935 నాటి బరువా, హిందీవారికి 1936లో సైగల్, 1955లో దిలీప్ కుమార్ ఎలాగో, తెలుగువారికి అక్కినేని అలాగ. 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ కథానాయకుడిగా రంగుల్లో మరో దేవదాసు వచ్చినప్పుడు కూడా ప్రేక్షకులు ఆ రంగుల వెనక పాత నలుపు తెలుపు మనిషినే వెతుక్కున్నారు. దీనివల్ల జరిగిన పరిణామం ఏమంటే, ఒక పాత్ర కాస్తా ప్రతిమగా మారిపోయింది. దేవుడి విగ్రహానికి శంఖచక్రాలవలె ఈ ప్రతిమకు కూడా కొన్ని లక్షణాలు ఏర్పడ్డాయి: ఒక శాలువా, నాలుగు రోజుల గడ్డం, చేతిలో సీసా, సగం మూసిన కన్ను, వేళకు వచ్చే దగ్గు, వ్యంగ్యచిత్రకారుల పుణ్యమా అని పక్కన ఒక కుక్క. ఈ లక్షణాలు ఉన్నవాడు దేవదాసు, లేనివాడు దేవదాసు కాడు అనే సిద్ధాంతం తెలుగునాట ఏ విమర్శకుడూ ప్రతిపాదించకుండానే స్థిరపడింది.

నిజానికి భీమవరంవారికి ప్రేమనవల కోసం బెంగాలు దాకా పోవలసిన అగత్యం లేదు. అడివి బాపిరాజు 1895లో పుట్టింది ఈ ప్రాంతంలోనే. ఆయన రాసిన ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో సమానంగా బహుమతి పంచుకుంది. సమాజం తొలి సమావేశంలో స్థానికాభిమానంతో ఆ నవలనే ఆడాలని ప్రతిపాదన వచ్చింది. అయితే ఆ నవలా నాయకుడు చదువుకున్నవాడు, ఆరోగ్యవంతుడు, కళలయందు అభిరుచి గలవాడు, జమీందారు బిడ్డ అయిన భార్య మనసు తనవైపు తిరిగేదాకా ఓర్పుతో వేచి ఉండి చివరికి సుఖపడేవాడు. అలాంటి మనిషి వేషం కట్టడానికి నటనకన్నా సత్ప్రవర్తన ఎక్కువ అవసరమవుతుందనీ, అది మూడు నెలల రిహార్సళ్లలో వచ్చేది కాదనీ ఒక పెద్ద సభ్యుడు అభ్యంతరం చెప్పగా, మిగిలినవారు ఒకరి ముఖాలొకరు చూసుకుని ప్రతిపాదనను విరమించుకున్నారు. చెడిపోవడం సులువన్న భ్రమతోనే దేవదాసు ఎంపికయ్యాడని ఇక్కడ గమనించాలి.

పాత్రధారుల ఎంపికకు ఇప్పుడు వాడుకలో ఉన్న ఆడిషన్ అన్న మాట, వినడం అనే అర్థంగల లాటిన్ ధాతువునుంచి పుట్టింది. తెలుగులో దీనికి సొంత మాట లేకపోవడానికి కారణం మన భాష పేదరికం కాదు, ఆ పనే లేకపోవడం. మన దగ్గర వేషం ఇస్తారు, వేస్తారు, కడతారు. అన్నిటికన్నా ఎక్కువగా వేషం ‘పడుతుంది’, తాటిచెట్టు కింద నిలబడినవాడి మీద పండు పడినట్టు. తొలి తెలుగు నవలగా ఎక్కువమంది పేర్కొనే ‘రాజశేఖర చరిత్ర’ రాసిన కందుకూరి వీరేశలింగమే 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతో నాటకం ఆడించి ఆధునిక తెలుగు రంగస్థలానికి కూడా శ్రీకారం చుట్టాడు. పంతులుగారు వేయమన్న వేషం వేయననగల విద్యార్థి ఆనాటికి పుట్టలేదు గనక ఎంపిక సమస్య తలెత్తలేదు. 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటులు కావడం వల్ల, అక్కడ పుట్టుకే ఆడిషన్. ఉయ్యాలలోనే కృష్ణుడి వేషం ఖాయమైపోయిన పిల్లలు ఎదిగి, కంసుడి వేషం వేసి, మనవడిని ఉయ్యాలలో వేసేవారు. పద్యనాటకాల కాలంలో మాత్రం లాటిన్ అర్థానికి న్యాయం జరిగిందని చెప్పాలి, ఎందుకంటే అప్పుడు నిజంగా వినేవారు. హార్మోనియం శ్రుతి ఎంత పైకి పెడితే అంత పైకి పోయి, పద్యం చివర రాగాన్ని ప్రేక్షకుల ఊపిరి ఆగేదాకా సాగదీయగలిగినవాడికి కథానాయక వేషం దక్కేది. చచ్చిపోయిన పాత్ర సైతం ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అంటే, అంటే ఆ పద్యం మళ్లీ పాడమంటే, లేచి నిలబడి పాడి మళ్లీ చచ్చిపోవడం ఆ రోజుల మర్యాద.

రూపం గురించి అప్పటివారికి పెద్దగా పట్టింపు ఉన్నట్టు కనిపించదు. స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా స్త్రీలే అసూయపడేటట్టు ఆడి 1956లో పద్మశ్రీ అందుకోవడం ఒక కొస అయితే, విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ పనుపున ఆడవేషం వేయవలసి వచ్చిన నందమూరి తారకరామారావు మీసం తీయనని భీష్మించి ‘మీసాల నాగమ్మ’ అనిపించుకోవడం రెండో కొస. సాక్షాత్తు అక్కినేని కూడా నాటకాల్లో ఆడవేషాలతో మొదలుపెట్టినవాడే కాబట్టి, తెలుగువారి దేవదాసు ఒకప్పటి నాయికే అన్న సంగతిని విమర్శకులు తగినంతగా వాడుకోలేదు.

భీమవరం చుట్టుపక్కల నాటకం బతికి ఉన్నది ముఖ్యంగా పరిషత్తుల వల్ల. పరిషత్తు అంటే ఊరి కళాభిమానులు చందాలు వేసుకుని ఏటా నాటక పోటీలు నడిపే సంస్థ. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు దీనికి పెద్దన్న. ఈ పోటీల కోసం తయారయ్యే నాటకాల్లో వేషాలు సాధారణంగా ప్రతిభనుబట్టి కాక సెలవునుబట్టి పడతాయి: బ్యాంకు ఉద్యోగికి శనివారం మధ్యాహ్నం వీలవుతుంది గనక అతడు జమీందారు, బడి పంతులుకు వేసవి ఖాళీ గనక అతడు హంతకుడు. ఈసారి ఆడిషన్ అనే కొత్త పద్ధతి పెట్టడానికి కారణం, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మావుళ్ళమ్మ ఉత్సవాలకు ఊరంతా తరలివచ్చే ప్రేక్షకుల ముందు ఆడాలన్న ఆశ, దానికి తోడు హైదరాబాదులో నాటకశాస్త్రం చదువుకుని వచ్చిన యువ దర్శకుడు. ఎంపికకు తేదీ మే నెలలో పెట్టారు. స్థలం ఒక కల్యాణమండపం పై అంతస్తు. ఈ రెండు నిర్ణయాలూ ఫలితాన్ని చాలావరకు ముందే నిర్ణయించాయి.

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పింది. వేషభూషల ద్వారా జరిగేది ఆహార్యం. అభ్యర్థుల సాధన అంతా అందులోనే ఉన్నదని వారు మెట్లెక్కుతుండగానే తెలిసింది. రోడ్డు మీది తారు కరిగే ఎండలో ఒక్కొక్కరే శాలువాలు కప్పుకుని వచ్చారు. తెలుగుదేశంలో శాలువాను సన్మానానికీ దేవదాసుకూ తప్ప మరొకందుకు వాడడం అరుదు గనక, వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో ఎవరికో ఎప్పుడో జరిగిన సన్మానాలకు సంబంధించినవే; జరీ అంచులతో, బీరువా వాసనతో, భగ్నప్రేమికుడికన్నా పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడిని ఎక్కువగా గుర్తుకు తెచ్చాయి. గడ్డం విషయంలో మరో చిక్కు వచ్చిపడింది. 1953లో గడ్డం దుఃఖానికి గుర్తు. ఇప్పుడది ఇంజనీరింగు కాలేజీకి గుర్తు. కత్తిరించి, నూనె రాసి, దువ్విన గడ్డాలతో నిలబడిన ఆ వరుసలో, ప్రేమ విఫలమైనవాడెవడో క్యాంపస్ ఇంటర్వ్యూకు వచ్చినవాడెవడో పోల్చుకోవడం ఎంపిక సంఘానికి సాధ్యపడలేదు.

ఆంగికం అంటే శరీర చలనంతో చేసే అభినయం. అభ్యర్థులందరినీ తాగి నడవమన్నారు. జన్మలో చుక్క ముట్టనివారు గోదావరి లాంచీలో నిలబడినట్టు రెండు పక్కలకూ ఊగారు. ఒక్క నడివయసు అభ్యర్థి మాత్రం, ఈ విషయంలో తనకు కొంత సాధికారత ఉన్నదని వినయంగా మనవి చేసి, నిజంగా తాగినవాడు తూలడనీ, తూలకుండా నడవడానికి నానా యాతన పడతాడనీ వివరించి, నేలమీద లేని గీత మీద కాలు పెట్టినంత శ్రద్ధగా తిన్నగా నడిచి చూపించాడు. ఆ రోజు జరిగిన నటనలన్నిటిలోకీ అదే నిఖార్సయినదని వ్యాసకర్త అభిప్రాయం. అతడిలో నటన లేదని సంఘం తిరస్కరించింది.

వాచికం అంటే మాటతో, గొంతుతో చేసేది. ఇక్కడ మాటకన్నా దగ్గే ముఖ్యమని అభ్యర్థులు నిశ్చయించుకుని వచ్చారు. పొడిదగ్గు, కఫపు దగ్గు, మాట మధ్యలో వచ్చేది, మాటకు బదులుగా వచ్చేది, శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాక గుర్తుకొచ్చేది అని ఆ పూట విన్న దగ్గులను వర్గీకరించవచ్చు. సంఘ సభ్యులు విన్న ప్రతి దగ్గుకూ మార్కులు వేయవలసి ఉండగా, గోదావరి జిల్లాల స్వభావం కొద్దీ మందులు చెప్పడం మొదలుపెట్టారు. “రాత్రి పడుకోబోయే ముందు మిరియాల పాలు తాగండి బాబూ” అని ఒకరు, “కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి, దెబ్బకి పోద్ది” అని మరొకరు చెప్పగా, మహా విషాదంగా దగ్గుతున్న దేవదాసులు దగ్గు ఆపి, కరక్కాయ రాత్రి పెట్టుకోవాలా పొద్దున్నా అని అడిగి తెలుసుకున్నారు. దానికి తోడు మరణశయ్య మీది మాటలు కూడా ఈ నేలమీద అండీ లేకుండా పలకవు. నాటకం ప్రతిలో దేవదాసు ప్రియురాలు పార్వతిని ఏకవచనంలో పిలవాలని ఉన్నా, ఇంట్లో చంటిపిల్లలతో సైతం “రండి, కూర్చోండి” అనే అలవాటున్న నోళ్లకు అది తిరగక, “నన్ను మరిచిపోండి పార్వతిగారూ” అన్నప్పుడు అందులోని వేదన కాస్తా బ్యాంకు మేనేజరుకు పెట్టుకున్న అర్జీలా ధ్వనించింది.

మిగిలినది సాత్త్వికం, అంటే మనసులోని భావం శరీరం మీద తనంత తానుగా తేలడం. దీనిని ఎనిమిది రకాలుగా చెప్పారు. వాటిలో స్వేదం, అనగా చెమట, విషయంలో మాత్రం ఎవరికీ మార్కులు తగ్గలేదు. డెల్టాలో మే నెల ఉక్కపోతకు తోడు శాలువా ఉన్నప్పుడు భరతముని సహాయం అక్కరలేదు.

ఇక కృశత సంగతి. మండపానికి వచ్చినవారిని వట్టి కడుపుతో కూర్చోబెట్టడం ఊరికే అప్రతిష్ఠ అని సంఘం భావించింది. పొద్దున్న పెసరట్టూ ఉప్మా, అల్లం పచ్చడి. అవి కాదన్నవారికి అంగుళం మందాన పొంగి అడుగు ఎర్రగా కాలిన దిబ్బరొట్టె. మధ్యాహ్నం రొయ్యల ఇగురు, కొర్రమీను పులుసు, శాకాహారులకు గుత్తివంకాయ, అందరికీ గడ్డ పెరుగు, పైన పూతరేకు. ఇది పులసలు వచ్చే కాలం కానందుకు అధ్యక్షుడు మైకులో విచారం వెలిబుచ్చారు. ప్రేమకోసం తిండి మానేసిన మనిషిని ఈ పరిస్థితుల్లో తయారుచేయడం ఎలాగో ఏ ఆలంకారికుడూ చెప్పలేదు, వారిలో భీమవరంలో భోంచేసినవారు లేకపోవడమే అందుకు కారణం కావచ్చు. రెండు వందల కిలోమీటర్ల అవతలనుంచి ఎముకల గూడులా వచ్చిన ఒక కుర్రవాడి మీద సంఘం గొప్ప ఆశలు పెట్టుకున్నది. మూడో విస్తరి దగ్గర ఆ ఆశలు ఆవిరయ్యాయి.

వ్యాసకర్త పరీక్ష భోజనానంతరం జరిగింది. దేవదాసు చిత్రంలో అక్కినేని కళ్లలో కనిపించే ఆ మత్తు మద్యం వల్ల వచ్చినది కాదనీ, కడుపునిండా పెరుగన్నం తిని రాత్రిపూట చిత్రీకరణకు కూర్చోవడం వల్ల కమ్ముకున్న నిద్ర అనీ సినీలోకంలో బాగా ప్రచారంలో ఉన్న సంగతి. దానిని ప్రమాణంగా తీసుకుని వ్యాసకర్త పెరుగన్నం మూడుసార్లు వడ్డించుకున్నారు. ఆ శాస్త్రీయ విధానం మొదట అద్భుతంగా పనిచేసిందని సంఘ సభ్యులు తర్వాత ధ్రువీకరించారు. కళ్లు సగం మూసుకున్నంతవరకూ వారికి చాలా నచ్చాయట. పూర్తిగా మూసుకున్న తర్వాత ఏం జరిగిందో వ్యాసకర్తకు ప్రత్యక్షజ్ఞానం లేదు గనక, సాయంత్రం టీల వేళకు ఆయన మేలుకొనేదాకా జరిగిన ఘట్టాలు ఇతర అభ్యర్థుల వాంగ్మూలాల ఆధారంగా రాయడం జరిగింది.

పార్వతి వేషానికి ఆడిషన్ జరగలేదు. జరిగినది దాని తిరగబడిన రూపం. పరిషత్తు నాటకాల్లో అనుభవంగల నటీమణులు కొద్దిమందే ఉండి, ఒకే పోటీలో ఒకరే రెండు మూడు సమాజాలకు ఆడడం మామూలు గనక, వారిని పరీక్షించే స్తోమత ఏ సమాజానికీ ఉండదు. రాజమహేంద్రవరంలో ఒక ప్రదర్శన ముగించుకుని మరో ఊరి ప్రదర్శనకు పోతూ మధ్యలో గంటసేపు ఆగిన నటి, నవల తాను చదివానని చెప్పి అందరినీ కంగారు పెట్టింది. తర్వాత కుర్చీ వేయించుకుని, వరుసగా నిలబడిన దేవదాసుల దగ్గును ఓపికగా విని, దర్శకుడితో అన్న మాటలు ఈ విషయం మీద వచ్చిన విమర్శలో ముఖ్యమైనవి గనక ఇక్కడ ఇవ్వవలసి ఉంది. “మీరు దగ్గు చూత్తన్నారండి. ఆ దగ్గు ఆ అబ్బాయికి ఆఖర్న కదండీ వచ్చేది. మొదట్నించీ ఉన్న జబ్బు వేరేనండి. ఆడపిల్ల అర్ధరాత్రి గదిలోకొచ్చి నన్ను చేసుకుంటావా అని అడిగితే ఔననలేడు, కాదనలేడు. ఆ జబ్బున్నోణ్ణి పట్టుకోండి, దగ్గు నేను నేర్పుకుంటాను.” నవల చదివినవారికి ఈ మాట నిజమని ఒప్పుకోక తప్పదు. పక్కింటి పార్వతి ధైర్యంచేసి వస్తే తండ్రి చాటున దాక్కున్నవాడు, కలకత్తా పోయి వద్దని ఉత్తరం రాసి వెంటనే పశ్చాత్తాపపడినవాడు, తీరా తిరిగివచ్చేసరికి సంబంధం కుదిరిపోతే చెరువుగట్టున ఆమెను గాలపు కర్రతో నుదుటి మీద కొట్టినవాడు దేవదాసు. శాలువాకన్నా ఆ గాలపు కర్రే అతడి అసలు ఆయుధం. చేపల చెరువుల నడుమ ఉన్న ఊరివారికి ఇది ఎవరూ గుర్తుచేయకపోవడం ఆశ్చర్యమే.

దర్శకుడు ఆ మాటకు కదిలిపోయి, శాలువాలన్నీ తీయించి, నిర్ణయం చేయలేనితనాన్ని కొలిచే కొత్త పరీక్ష ఒకటి కల్పించాడు. అభ్యర్థిని ఒంటరిగా పిలిచి, టీ కావాలా కాఫీ కావాలా అని అడుగుతారు. వెంటనే చెప్పినవాడు పనికిరాడు, తటపటాయించినవాడు దేవదాసు. హైదరాబాదులోనో కలకత్తాలోనో అయితే ఇది నిక్కమైన పరీక్షే. భీమవరంలో మొదటి అభ్యర్థి “మీ ఇష్టమండి” అన్నాడు. రెండవ అభ్యర్థి “ఏదైనా పర్లేదండి” అన్నాడు. మూడవవాడు “మీరేం తాగుతున్నారండి?” అన్నాడు. నాలుగవవాడు “ఆయ్” అన్నాడు. ఔననీ, విన్నాననీ, చిత్తమనీ, మీరు చెప్పండి వింటాననీ సందర్భాన్నిబట్టి అర్థమిచ్చే ఈ గోదావరి అవ్యయాన్ని ఎటూ తేల్చుకోలేని మనిషి చేతిలో పెడితే బ్రహ్మకు కూడా జవాబు దొరకదు. వరుసలో ఉన్నవారందరూ అలాగే చెప్పారు. ఎదుటివారికి ఇబ్బంది కలగకూడదన్న మర్యాదకూ, ఏదీ తేల్చలేని బలహీనతకూ బయటికి కనిపించే రూపం ఒక్కటే కావడం వల్ల, పరీక్ష ముగిసేసరికి మండపంలో ఉన్నవారందరూ, వంటవాడితో సహా, దేవదాసు వేషానికి అర్హులని తేలింది. టీ తెచ్చే కుర్రాడు మాత్రం “తొందరగా చెప్పండి సార్, చల్లారిపోద్ది” అన్నాడు. అతడిని అనర్హుడిగా ప్రకటించారు.

చిక్కుముడి విడిపోయింది మెట్లమీద. తన బావమరిదిని బండిమీద ఆడిషన్‌కు దింపి, తిరిగి వెళదామా ఉందామా అని పొద్దుటినుంచీ మెట్లమీదే కూర్చున్న ఒక రొయ్యల రైతు ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆ సంభాషణ అర్థం కావడానికి రెండు మాటలు వివరించాలి. చెరువులోని రొయ్యలను అమ్మకానికి పట్టడాన్ని పట్టుబడి అంటారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కౌంటు. ఆ అంకె ఎంత తగ్గితే రొయ్య అంత పెద్దది, ధర అంత ఎక్కువ. అందువల్ల ఇంకొన్ని రోజులు ఆగితే లాభం పెరుగుతుంది, ఆగిన ఆ రోజుల్లోనే తెల్లమచ్చల జబ్బు వస్తే చెరువు మొత్తం పోతుంది. “అరవై కౌంటులో ఉందండి. నాలుగు రోజులాగితే యాభై పడుద్దండి. పక్క చెరువుకి వైట్‌స్పాట్ వచ్చేసిందంటున్నారండి. ఇయ్యాలే పట్టేయమంటారా? మంచిదేనండి. ఆగమంటారా? అదీ మంచిదేనండి. నాన్నగారినడగాలండి. రేపు చెబుతానండి.” ఫోను పెట్టేసి అతడు ఎటో చూస్తూ ఉండిపోయిన తీరు, గడప దాకా వచ్చి విన్న దర్శకుడికి రోమాంచం కలిగించింది, అది కూడా సాత్త్విక భావాలలో ఒకటేనని ముందే చెప్పి ఉండవలసింది. ఇష్టమైనదాన్ని ఇంకాస్త పెరగనిద్దామని ఆగి, తండ్రి పేరు చెప్పి తప్పుకుని, చేయిదాటిపోయే దాకా గట్టునే నిలబడేవాడిని చటోపాధ్యాయగారు బెంగాలులో వెతికి పట్టుకున్నారు గానీ, ఉండి, ఆకివీడు వైపు ఏ చెరువుగట్టున చూసినా దొరికి ఉండేవాడు. దేవదాసు వేషం వేస్తారా అని అడిగితే ఆ రైతు అన్న మాట, ఊహించదగినదే, రేపు చెబుతానండి. సంఘం ఏకగ్రీవంగా చప్పట్లు కొట్టింది. అతడు కాదనలేకపోయాడు.

నవలను నేటికి మార్చడంలో తలెత్తిన ఇబ్బందులను పెద్దగా విస్తరించనక్కరలేదు. నవలలో కథ మలుపు తిరిగేది ఒక ఉత్తరం మీద; పోస్టు చేసిన ఉత్తరాన్ని వెనక్కు తీసుకోలేకపోవడంలోనే విషాదమంతా ఉంది. వాట్సాప్‌లో పంపిన మాటను రెండువైపులా తుడిచేసే వీలుండగా ఎవరికీ క్షయ రానక్కరలేదని యువ సభ్యులు అన్నారు. తుడిచేశాడని పార్వతికి తెలుస్తుంది, ఏం తుడిచాడో తెలియదు, అది ఇంకా ఎక్కువ విషాదమని నటి ఫోనులోనే సరిచేసింది. పుస్తకంలో పార్వతి పుట్టింటిది ఆడపిల్లకు ఓలి పుచ్చుకునే వంశమని జమీందారు ఈసడిస్తాడు. ఇప్పుడు డబ్బు నడిచే దిక్కు మారిపోయింది గనక, కట్నంగా ఎన్ని ఎకరాల చెరువు అన్నదగ్గర సంబంధం చెడేటట్టు రాశారు. ఆ భాగం చదివినప్పుడు సభ్యుల్లో కొందరు కిటికీలోనుంచి బయటికి చూశారు. అన్నిటికన్నా పెద్ద వివాదం చివరి ఘట్టం మీద నడిచింది. చావుకు దగ్గరపడిన దేవదాసు రైలు దిగి, బండి కట్టించుకుని పార్వతి అత్తవారి ఊరు చేరి, ఆ ఇంటి ముందు చెట్టుకింద ప్రాణం విడుస్తాడు. భీమవరానికి టౌను, జంక్షను అని రెండు రైల్వే స్టేషన్లు ఉన్నాయి. దేవదాసు ఎక్కడ దిగాడన్నది రాయకపోతే ప్రేక్షకులు ఊరుకోరనీ, టౌనులో దిగితే ఆటోలు దొరుకుతాయనీ, జంక్షనులో దిగితే జాలి ఎక్కువ పుడుతుందనీ రెండు పక్షాలుగా చీలి రెండు సమావేశాలు నడిపారు. చివరికి, నిర్ణయం చేయలేనివాడు గనక మొదటి స్టేషనులో దిగబోయి ఆగి రెండో స్టేషనులో దిగుతాడని రాజీ కుదిరింది. పార్వతి ఊరుగా కాళ్ళను నిర్ణయించారు, అది భీమవరంనుంచి ఆటోమీదో బస్సుమీదో చేరవలసిన ఊరు కావడం వల్లనూ, “ఎక్కడికి?” అంటే “కాళ్ళకు” అని చెప్పే మనిషి అప్పటికి కాళ్లమీద నిలబడలేని స్థితిలో ఉండడం వల్లనూ.

నవలలోని ఎడ్లబండివాడు ఇక్కడ ఆటోడ్రైవరయ్యాడు. నిద్రలేచిన వ్యాసకర్తకు పడిన వేషం అదే. దానికి మాటలు నాలుగే ఉన్నా, దేవదాసును నాటకం మొత్తంలో అడిగిన చోటికి తీసుకువెళ్లేవాడు అతడొక్కడే అని దర్శకుడు నచ్చజెప్పాడు. ఓదార్పుగా అన్న మాటే అయినా పుస్తకం తీసి చూస్తే అది అబద్ధం కాదు. ఖాకీ చొక్కా ఇంట్లో లేదు గనక శాలువా ఇచ్చి మార్చుకోవడం జరిగింది.

రిహార్సళ్లు ఆషాఢంలో మొదలయ్యాయి. రైతు ఆ ఏడాది పట్టుబడి ఎప్పుడు పెట్టాడో, ఏ కౌంటుకు అమ్మాడో అడగవద్దని బావమరిది ముందే అందరికీ చెప్పి ఉంచాడు. ప్రతి ప్రకారం ఆటోడ్రైవరు “ఎక్కడికండీ?” అని అడగాలి, దేవదాసు “కాళ్ళకు” అని చెప్పి సీటు మీద ఒరిగిపోవాలి. మొదటి రోజు వ్యాసకర్త అలాగే అడిగారు. రెండు కుర్చీలు జతచేసి ఆటో అనుకోమన్నదాని పక్కన నిలబడి, రైతు చాలాసేపు ఏమీ అనలేదు. దగ్గలేదు, తూలలేదు. ఎక్కడానికి కాలెత్తినవాడు దించేసుకుని, ఎదుటి మనిషికి అనవసరంగా శ్రమ కలిగిస్తున్నానేమో అన్నట్టు చూసి, “కాళ్ళండి. మీకు దారేనాండీ?” అని అడిగాడు.

దర్శకుడు ఆపలేదు. ప్రతిలో లేని ప్రశ్నకు జవాబు ఎవరో ఒకరు చెప్పాలి.

“దారేనండి, ఎక్కండి” అన్నాడు ఆటోడ్రైవరు. కాళ్ళ అతని దారిలో లేదు.